కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో మద్యము – హింస

మహాభారతమున మౌసలపర్వమును చదివినవారికి ద్వారకలోని మద్యనిషేధము జ్ఞప్తియందుండును. ఆ నగరమున ఎవ్వరును సురను తయారుచేయరాదనియు, చేసినవానిని బంధువులతో కూడ కొఱత వేయుదుమనియు యాదవప్రముఖులు చాటింపు వేయించిరి. అట్టి శాసనము చేసికొన్నవారే పిమ్మట తీర్థయాత్రకని ప్రభాసమునకు పోయి, అచ్చట త్రాగి, మాటకు మాట పెంచుకొని, సాత్యకి కృతవర్మను నఱకుటతో మొదలుపెట్టి, తుంగతో ఒకరినొకరు మోదుకొని నశించిరి. మద్యపానమువలని అనర్థమునకు ఇది గొప్ప దృష్టాంతమని పెద్దలు చెప్పుదురు. నిజమే. కాని ఆ పానగోష్ఠిలో సాత్యకి ఎత్తిపొడిచినదేమి? నిద్రించుచున్న వీరులను చంపించిన పాపము. కృతవర్మ బదులు చెప్పినదేమి? చేయి తెగి ప్రాయోపవేశము చేసిన భూరిశ్రవుని తల నఱికిన పాపము. రెండును కురుక్షేత్రము నాటి సంగతులే. అప్పటికి ముప్పదియారేండ్లు గడచినవి. పగ పాతది, సుర ఆనాటిది.

మద్యమునకును నెత్తుటి నేరములకును గల సంబంధమును విచారించునప్పుడు ఈ రెంటిని వేరుచేసి చూడవలెనని మా తలంపు. త్రాగినవాడు పొడిచినాడని ఊరు చెప్పును, పోలీసులు వ్రాసికొందురు, పత్రికలు అచ్చువేయును. ఆ సారాను అతనికి ఎవరు పోసిరి, ఎట్టి ఏర్పాటుతో పోసిరి, ఆ ఏర్పాటును నిలుపుటకు ఎన్ని కఱ్ఱలు లేచినవి అను ప్రశ్నలు సాధారణముగా ఎవరును వేయరు. ఈ ప్రశ్నలకు ఉత్తర తెలంగాణమునందలి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల చరిత్ర తగిన సమాధానము చెప్పగలదు. 2016లో ఈ రెండును పెక్కు చిన్న జిల్లాలుగా విడిపోయినవి. అయినను మేము పాత హద్దులనే దృష్టిలో నుంచుకొని మాటలాడుచున్నాము.

గోదావరికి దక్షిణమున కరీంనగరు సీమ తాటిచెట్లు, ఈతచెట్లు గల నేల. ఉత్తరమున ఆదిలాబాదు సీమ ఇప్పచెట్ల అడవి. దక్షిణమున కల్లు, ఉత్తరమున ఇప్పసారా. కల్లు చెట్టునుండి దిగినప్పుడు తీయని నీరా. ఎండ ఎక్కినకొలది పులిసి మత్తెక్కును. అయినను దాని మత్తు బీరు మత్తుకంటె మిక్కిలి హెచ్చు కాదు. మోకు, ముస్తాదు ధరించి ప్రాణములకు తెగించి చెట్టెక్కు గౌడు తెచ్చిన లొట్టిని చుట్టముల రాకకు, పెండ్లికి, చావుకు, బోనాల పండుగకు కొనని ఇల్లు తెలంగాణ పల్లెలలో అరుదు. సారా సంగతి వేరు. అది బట్టీలో కాచి దించినది. పులిసిన రసములోని మత్తునంతయు ఆవిరిగా పట్టి గిన్నెడులో ఇమిడ్చినది. లొట్టెడు కల్లు త్రాగుటకు జాముసేపు పట్టును, అంతలో కడుపు నిండును. అంతటి మత్తును సారా నిమిషములలో ఎక్కించును. ఈ భేదమును పాటింపక కల్లును సారాను ఒకే గాటకట్టి దూషించుట సరికాదు.

ఆదిలాబాదు గోండులకు ఇప్పచెట్టు పూజ్యము. ఎండకాలపు మొదట తెల్లవారుజామున రాలిన పూవును స్త్రీలు, పిల్లలు ఏరి ఎండబెట్టుకొందురు. కఱవు రోజులలో అదియే కూడు, పండుగనాడు అదియే సారా. దేవతలకు, పితరులకు దానిని ధారవోయక వారి పూజ ముగియదు. 1940ల దశకమున ఆదిలాబాదు గోండులలో నివసించి వారిని గూర్చి గ్రంథములు వ్రాసిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ మార్లవాయి గ్రామమున కాపురముండి, ఆ జీవితమును దగ్గరగా చూచినవాడు. ఆయన రచనలలో మనకు కనబడు గోండుల దుఃఖము ప్రధానముగా భూమి దుఃఖము, అడవి దుఃఖము. బయటినుండి వచ్చినవారు పట్టాలు చేయించుకొనుట, అడవిశాఖవారు దున్నిన చేలనుండి వెళ్లగొట్టుట, చిన్న ఉద్యోగులు లంచములు గుంజుట. 1940లో జోడెన్‌ఘాటున కొమరం భీము ప్రాణములర్పించిన పోరాటమునకు కారణమును ఇచ్చటనే వెదుకవలెను గాని ఇప్పసారాలో కాదు.

అడవిజాతులవారు త్రాగుబోతులు గనుక హంతకులు అను మాటను నాటి అధికారులు తేలికగా అనుచుండిరి. ఆ మాటను పరీక్షింపదలచినవాడు మరొక పండితుడు, వెరియర్ ఎల్విన్. గోదావరికి ఆవల నున్న బస్తరు సంస్థానమున మారియాలలో జరిగిన వంద హత్యల కేసుల కాగితములను తిరుగవేసి 1943లో ఒక గ్రంథము ప్రకటించెను. అందు మద్యము ఒక కారణముగా కనబడుననుటలో సందేహము లేదు. పెండ్లి విందులలో, పండుగలలో త్రాగి గొడ్డలి ఎత్తినవారున్నారు. కాని భార్యపై అనుమానము, భూమి తగవు, చేతబడి భయము, తిట్టు, పరువు, చాలకాలము లోలోపల కుములుచున్న కోపము, ఇవి కూడ అన్ని పుటలలోను కనబడును. మరొక విశేషము. అదే బస్తరులో, అవే ఇప్పచెట్ల క్రింద, అదే విధముగా త్రాగు మురియాలలో హత్యలు మిక్కిలి తక్కువ. మందు ఒకటే, మనుష్యుల నడుమ నున్న బంధములు వేరు. సారాయే హత్యకు హేతువన్నచో ఈ వ్యత్యాసమునకు సమాధానము దొరకదు.

ఇట్లనుటవలన మద్యమును నిర్దోషిగా విడిచిపెట్టుచున్నామని శ్రోతలు తలంపవలదు. జాతరలలో తలలు పగులుట మన పల్లెలకు క్రొత్త కాదు. ఏ కోపమునకైనను వెనుకంజ వేయించు విచక్షణ యొకటి మనిషిలో ఉండును. మత్తు మొట్టమొదట హరించునది దానినే అని వైద్యులు చెప్పుచున్నారు. కోపమును సారా సృష్టింపకపోవచ్చును, దాని కావలిని మాత్రము తప్పక నిద్రపుచ్చును.

ఇక రెండవ హింస సంగతి. ఇది త్రాగినవాని హింస కాదు, అమ్మినవాని హింస.

నిజాము రాజ్యమున 1316 ఫసలీలో, అనగా 1906–07 ప్రాంతమున, అబ్కారీ చట్టము వచ్చినది. చెట్టును గీయుటకును, బట్టీ పెట్టుటకును, అమ్ముటకును సర్కారు అనుమతి కావలెను. కాలక్రమమున అబ్కారీ ఆదాయము భూమిశిస్తు సరసన నిలువదగినంత పెరిగినది. ఈ ఆదాయమును రాబట్టిన పద్ధతి హర్రాజు. ఒక ప్రాంతములో అమ్ముకొను హక్కును ఎక్కువ పాడినవాడు దక్కించుకొనును, వానినే మనవారు ముస్తేదారు అనిరి. పాట పాడినది మొదలు కిస్తులు కట్టవలెను. వాన కురిసినను కురియకున్నను, జనము త్రాగినను త్రాగకున్నను కిస్తు ఆగదు. కావున ముస్తేదారునకు రెండు అవసరములు ఏర్పడినవి. తన సరకు ఎక్కువ అమ్ముడుపోవలెను, ఇతరుల సరకు ఒక్క చుక్కయు అమ్ముడుపోరాదు. మొదటిదానికి అప్పు పద్దు ఉపాయము, రెండవదానికి కఱ్ఱ. ఇంటి దేవునికని ఇప్పపూవు కాచుకొన్న గోండు ఈ ఏర్పాటులో దొంగ అయినాడు. తాతల నాటి చెట్టును గీచి తెచ్చినదానిని పొరుగువానికి పోసిన గౌడు నేరస్థుడైనాడు. ముస్తేదారుని మనుష్యులు, వారి వెనుక అబ్కారీ జవాను, వానివెనుక పోలీసు పటేలు, ఇండ్లు సోదా చేయుట, కుండలు పగులగొట్టుట, మనుష్యులను కొట్టుట. ఈ దెబ్బలు ఏ నేరముల పట్టికలోను ఎక్కలేదు.

దీనికి తోడు వెట్టి. గౌడులు దొర గడికి దినమును ఇంత కల్లు ఊరక పోయవలెను, మంచి చెట్లు కొన్నింటిని దొరకొఱకే విడువవలెను. ఆంధ్రమహాసభ పోరాడిన వెట్టిచాకిరి పద్దులలో ఇదియు ఒకటి. పోయనివాని గతి ఏమో తెలంగాణలో పెద్దలెవరిని అడిగినను చెప్పగలరు.

ఇది మన దేశమునకే పరిమితమైన కథ కాదు. పదునెనిమిదవ శతాబ్దమున లండను నగరము జిన్ అను సారాయములో మునిగినప్పుడు, ఆ నగరపు న్యాయాధికారియు ప్రసిద్ధ నవలాకారుడునగు హెన్రీ ఫీల్డింగు, దోపిడీలు పెరుగుటకు జిన్ కారణమని 1751లో ఒక గ్రంథమున వాదించెను. అదే సంవత్సరము పార్లమెంటు జిన్ అమ్మకమును బిగించుచు చట్టము చేసినది. మంచిదే. అయితే ధాన్యమునుండి సారాయము కాచుటను 1690లో చట్టముచేసి ప్రోత్సహించినదియు ఆ పార్లమెంటే. భూస్వాములకు ధాన్యపు ధర, ఖజానాకు పన్ను. ముప్పు మితిమీరిన పిమ్మట పేదవాని గిన్నెను మాత్రము అందఱును చూచిరి.

స్వాతంత్ర్యానంతరము మన రాష్ట్రములో విచిత్రమైన స్థితి ఏర్పడినది. మదరాసు రాష్ట్రములో 1937లో సేలము జిల్లాతో ఆరంభమైన మద్యనిషేధము మరుసటి సంవత్సరమే చిత్తూరు, కడపలకు, తరువాత మిగిలిన ఆంధ్ర జిల్లాలకు వచ్చినది. తెలంగాణలో నిషేధము లేదు, అబ్కారీ ఆదాయము కలదు. 1954లో కర్నూలున ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఈ నిషేధపు చర్చమీదనే పడిపోయినది. 1956 ఫిబ్రవరిలో కుదిరిన పెద్దమనుషుల ఒడంబడికలోను, తెలంగాణలో మద్యనిషేధము ఎట్లు అమలుజరుగవలెనో తెలంగాణ శాసనసభ్యులే నిర్ణయింపవలెనని ప్రత్యేకముగా వ్రాసికొనిరి. భాష, ఉద్యోగములు, నీళ్లు మొదలగు మహావిషయముల నడుమ కల్లు కూడ చేరినదన్న, దానివెనుక నున్న ధనము ఎంతటిదో ఊహింపవచ్చును. 1968లో రాష్ట్రమంతటికి ఒకే ఎక్సైజు చట్టము వచ్చినది. చట్టము మారినను హర్రాజు మారలేదు, ముస్తేదారు కంట్రాక్టరైనాడు.

ఈ కాలముననే న్యాయస్థానములు త్రాగినవాని బాధ్యతను గూర్చి స్పష్టముగా పలికినవి. 1956లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పెప్సూ రాష్ట్రపు కేసు న్యాయవాదులందఱకు తెలిసినదే. ఒక పెండ్లివిందులో విశ్రాంత సైనిక జమేదారొకడు త్రాగియుండి, కొంచెము జరుగుమని పదునైదు పదునాఱేండ్ల బాలునితో అనెను. బాలుడు కదలలేదు. జమేదారు పిస్తోలు తీసి కాల్చెను. తెలిసి తానే త్రాగినవానికి ఆ మత్తు రక్ష కాదని, నడచుటకు మాటలాడుటకు శక్తి ఉన్నవానికి తానేమి చేయుచున్నాడో తెలియుననియే ఎంచవలెనని న్యాయస్థానము నిర్ణయించి, హత్యానేరమునే స్థిరపఱచెను. నాటి శిక్షాస్మృతిలోని 85, 86 సెక్షనులలో నున్న ఈ సూత్రము 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 23, 24 సెక్షనులుగా నిలిచియున్నది. త్రాగినవాని విషయమున చట్టము ఇంత నిక్కచ్చిగా నున్నది. పోసినవాని లాభమును గూర్చి శిక్షాస్మృతి పలుకదు. అది ఖజానా శాఖవారి విషయము.

1978 సెప్టెంబరు 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర తరువాత కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలు వెనుకటివలె లేవు. రైతుకూలీలు వెట్టిని తిరస్కరించిరి, కూలిరేట్లు అడిగిరి. కొలదికాలములోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించిరి. గడిలో దొరతనము సడలినచోట కొందఱు దొరల కుటుంబములకు సారా, తునికాకు, రోడ్ల కంట్రాక్టులు క్రొత్త మార్గములైనవి. 1980ల దశకమున ప్రభుత్వము వారుణివాహిని పేర సారాను చిన్న పొట్లములలో అమ్మించుటతో అది ఇంటిగుమ్మము వద్దకే వచ్చినది. బొగ్గుబావుల ఊళ్లలో, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖనులలో జీతము దినము సారా దుకాణమునకు పండుగ దినము. మధ్యాహ్నము జీతమందుకొన్నవాడు రాత్రికి ఇంటికి ఏమి తెచ్చుచుండెనో అతని భార్యకే ఎఱుక.

1990, 1991 ప్రాంతమున ఉత్తర తెలంగాణ పల్లెలలో నక్సలైట్లు సారా అమ్మకమును నిషేధించిరి. దుకాణములు మూతపడినవి. కాదని తెఱచినవారు దెబ్బలు తినిరి, కొన్ని దుకాణములు తగులబడినవి. కంట్రాక్టరుల కిస్తులు ఆగిపోయినవి. ఖజానాకు గండి పడుచుండగా ప్రభుత్వము పోలీసు బందోబస్తుతో అమ్మకము సాగింపజూచెను. కొన్నిచోట్ల సారా పొట్లములు పోలీసు ఠాణాలనుండియే అమ్ముడుపోయినవి. తుపాకి నీడలో మానుట, తుపాకి నీడలోనే త్రాగుట! రెంటి నడుమను పల్లెవాడు నలిగెను. సారా మానినందున స్త్రీలు సంతోషించిరనుట వాస్తవమే. కాని ఈ నిషేధము వారి చేతిలోనిది కాదు. తుపాకి పట్టినవారు ఊరువిడిచిననాడు దుకాణము మరల తెఱవబడుచుండెను.

మూడవ హింస అన్నింటికంటె పురాతనము, అన్నింటికంటె గుట్టు. అది ఇంటిలోనిది. వేలకొలది రాత్రులు దానిని స్త్రీలు భరించిరి. ఠాణాకు పోయి చెప్పినవారు తక్కువ, పోయినను వ్రాసికొన్నవారు తక్కువ. దీనిని రాష్ట్రమంతయు వినునట్లు పలికినది 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామస్త్రీలు. అక్షరాస్యతా కార్యక్రమమున చదివిన పాఠమొకటి తమ కథనే చెప్పినట్లు వారికి తోచెను. వారు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు ఊరూరికి ప్రాకి, చీపుళ్లు, కారపుపొడి చేతబట్టిన స్త్రీలు హర్రాజు పాటలనే ఆపివేసిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా రద్దయ్యెను. తరువాత ఎన్. టి. రామారావుగారి ప్రభుత్వము 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధమును అమలుపఱచెను. తెలంగాణ పల్లెలలో అంతకుముందు ఏండ్లుగా జరిగినదానికి రాని కీర్తి నెల్లూరునకు వచ్చినదని కొందఱు ఉత్తర తెలంగాణమువారు నొచ్చుకొనుట మేము విన్నాము. ఆ నొప్పి న్యాయమైనదే. అయినను దూబగుంట స్త్రీలు ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడలేదను భేదము చిన్నది కాదు.

సంపూర్ణ నిషేధము రెండేండ్లే నిలిచినది. ఖజానా ఖాళీ అయినదను కారణమును ముందుంచి 1997లో దానిని సడలించిరి, సారాపై నిషేధము మాత్రము నిలిచెను. సరిహద్దు జిల్లాయగు ఆదిలాబాదుకు నిషేధమన్న మరొక చిక్కు. ప్రాణహిత, పెన్‌గంగలకు ఆవల మహారాష్ట్రము. నిషేధపు రోజులలో ఆవలినుండి సీసాలు ఈవలికి దాటినవి. తరువాత తిరుగుబండి నడచినది. గడ్చిరోలి జిల్లా 1993 నుండి నిషేధములో నున్నది, చంద్రపూరు జిల్లాలో 2015 నుండి 2021 వఱకు నిషేధముండెను. అప్పుడు ఈవలి సీసాలు ఆవలికి దాటినవి. దొంగసరకు ఉన్నచోట దానిని కాపాడు దండు ఉండును. అమెరికాలో 1920 నుండి 1933 వఱకు సాగిన నిషేధము చికాగో నగరమునకు నేర్పిన పాఠమును చిన్న యెత్తున నదీతీరపు ఊళ్లు కూడ నేర్చినవి.

రద్దయిన సారా స్థానమున నల్లబెల్లము, పటిక కలిపి కాచిన గుడుంబా వచ్చినది. దానిపై 2015లో తెలంగాణ ప్రభుత్వము గట్టి దాడులు సాగించెను. అదే యేడు కల్తీకల్లుపై కూడ దాడులు జరుగగా మరొక రహస్యము బయటపడెను. చెట్లు చాలని చోట్ల క్లోరల్ హైడ్రేటు, డయాజిపాము, ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులను నీటిలో కలిపి కల్లని అమ్ముచుండిరి. సరఫరా ఆగగానే నిజామాబాదు, మహబూబ్‌నగరు ఆసుపత్రులకు వందలకొలది జనము వణకుచు, మూర్ఛలు పోవుచు, కలవరించుచు వచ్చిరి. వారిని త్రాగుబోతులనుట తప్పు. ఏమి త్రాగుచున్నామో తెలియక విషమునకు అలవాటుపడినవారు.

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో పదునైదేండ్లు దాటిన పురుషులలో నూటికి సుమారు 43 మంది మద్యము త్రాగుచున్నారు. దేశమునందలి హెచ్చు సంఖ్యలలో ఇది ఒకటి. అదే సర్వేలో దేశమంతట స్త్రీలను అడుగగా, తరచు త్రాగి మత్తులో నుండు భర్తలు గల స్త్రీలలో నూటికి 70 మంది వఱకు భర్త చేతి హింసను చవిచూచినట్లు చెప్పిరి. అసలు త్రాగని భర్తలు గలవారిలో ఆ సంఖ్య నూటికి 23 ప్రాంతమున నున్నది. మొదటి సంఖ్య మద్యమేమి చేయునో చెప్పును. రెండవ సంఖ్యను గూర్చి మద్యనిషేధవాదులు గాని, మద్యవ్యాపారులు గాని మాటలాడుట మేము వినలేదు. చుక్క ముట్టని ఇండ్లలో సైతము నలుగురైదుగురిలో ఒక స్త్రీ దెబ్బ తినుచున్నది.

1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో మత్తుపదార్థముల అమ్మకమును నిషేధించుటకు గాని, నియంత్రించుటకు గాని గ్రామసభకును పంచాయతికిని అధికారము కల్పించినది. ఆంధ్రప్రదేశ్ 1998లో ఆ చట్టమునకు అనుగుణముగా తన పంచాయతిరాజ్ చట్టమును సవరించెను, నియమములు మాత్రము 2011లో గాని రాలేదు. ఉట్నూరు ఏజెన్సీలోని గోండు గూడెములు ఈ ప్రాంతములోనివే. ఇప్పపూవును దేవునికి కాచుకొనుటకు ఒక తీర్మానము, బయటి సీసాల దుకాణము వలదని మరొక తీర్మానము అదే గ్రామసభ, అదే చెట్టుక్రింద, ఒకే దినమున చేయవచ్చును.